కార్బన్ కాపీలు

అమ్మాయి దగ్గరికి బెర్లిన్ వచ్చి రెండు నెలలైంది. పోయిన ఆదివారం ప్లోట్‌జెన్‌జే జైలు దగ్గరున్న స్మారక స్థలానికి తీసుకెళ్లమని నేనే అడిగాను. హిట్లర్ కాలంలో 2,800 మందికి పైగా మనుషుల్ని చంపిన చోటు అది. లోపల ఇటుకల షెడ్డు, ఖాళీ గది, పైన దూలానికి ఉరి తీసే ఇనప కొక్కేలు. నేను ఎవరి కోసం వెళ్లానో ఆ హెల్ముత్ హ్యూబెనర్ చనిపోయేనాటికి ఆ కొక్కేలు లేవు. అతణ్ణి గిలెటిన్‌తో తల నరికి చంపారు. అప్పటికి 17 ఏళ్లు.

హాంబర్గ్ కుర్రాడు. ప్రభుత్వ ఆఫీసులో అప్రెంటిస్. 1941లో అన్నయ్య తెచ్చిన రేడియోలో రాత్రిళ్లు చాటుగా బీబీసీ జర్మన్ వార్తలు వినేవాడు. పరాయి దేశపు రేడియో వినడమే అక్కడ నేరం. విన్నదానికీ తన ప్రభుత్వం చెప్పేదానికీ పొంతన లేదని తెలిశాక ఊరుకోలేకపోయాడు. తను వెళ్లే మార్మన్ చర్చి (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) టైపు మిషను అతని దగ్గర ఉండేది. దాని మీద దాదాపు 60 రకాల కరపత్రాలు కొట్టాడు, కార్బన్ పెట్టి. స్నేహితులు కార్ల్-హైంజ్ ష్నిబ్బె, రూడి వోబ్బె వాటిని పోస్టు డబ్బాల్లో, టెలిఫోన్ బూతుల్లో పెట్టి వచ్చేవారు.

నా మనసు అక్కడే ఆగిపోయింది. తెనాలిలో లోయర్, హయ్యర్ పాసై 30 ఏళ్లు టైపిస్టుగా చేశాను. నాలుగు కాపీలు కావాలంటే మధ్యలో మూడు కార్బన్లు పెట్టి, అంచులు సమంగా తట్టి, రోలరులోకి ఎక్కించాలి. మామూలుగా కొడితే ఆఖరి కాగితం మీద అచ్చు పడదు, గుద్దినట్టు కొట్టాలి. ఒక్క అక్షరం తప్పు పడితే ప్రతి కాపీనీ విడిగా రబ్బరుతో రుద్దాలి, కింద చీటీ అడ్డం పెట్టుకుని. పేజీ అయ్యేసరికి చిటికెన వేలు లాగేసేది. వాడిన కార్బన్‌ని వెలుతురులో పెడితే కొట్టిందంతా చదవొచ్చు. అందుకే కాన్ఫిడెన్షియల్ లెటర్లు కొట్టాక కార్బన్లు కూడా మా కళ్ల ముందే చింపించేవారు. పైగా ఆ చప్పుడు! పక్క గదిలో ఎవరున్నా వినపడుతుంది. ఇంత టెన్షన్‌లో ఆ పిల్లవాడు నెలల తరబడి కొట్టాడు. నాకు తప్పు పడితే మళ్లీ కొట్టమనేవారు, అంతే.

ఆఫీసులో పైవాడొకడు కనిపెట్టి చెప్పేశాడు. 1942 ఫిబ్రవరి 5న అరెస్టు. కొద్దిరోజులకే స్థానిక చర్చి పెద్ద అతణ్ణి సంఘంలోంచి వెలివేశాడు. ఆగస్టు 11న బెర్లిన్‌లో విచారణ. నేరమంతా తన మీద వేసుకున్నాడు. అందువల్లే స్నేహితులు జైలు శిక్షలతో బతికి బయటపడ్డారని నేను నమ్ముతున్నాను. ష్నిబ్బెకి 5 ఏళ్లు, వోబ్బెకి 10 ఏళ్లు పడ్డాయి. ఇవాళ నా వంతు, రేపు మీ వంతు వస్తుందని జడ్జీల మొహం మీదే అన్నాడట.

తల్లి ఆ మరుసటి ఏడే హాంబర్గ్ మీద పడ్డ బాంబులకి పోయింది. చర్చి 1946లో వెలివేత రద్దు చేసింది. ఇప్పుడు హాంబర్గ్‌లో అతని పేరుతో ఒక బడి ఉంది.

ఇంటికొచ్చాక అమ్మాయి లాప్‌టాప్‌లో ప్లోట్‌జెన్‌జే అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. జర్మన్ కీబోర్డులో జెడ్ ఉండాల్సిన చోట వై ఉంటుంది. నా వేళ్లు అలవాటు కొద్దీ పాత చోటికే పోయాయి, రెండుసార్లు తప్పు కొట్టాను.

1942 అక్టోబర్ 27 మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, ఇవాళే నీ మరణశిక్ష అని హెల్ముత్‌కి చెప్పారు. రాత్రి 8:13కి అమలు చేశారు. ఆ మధ్యలో కూర్చుని, తనను వెలివేసిన ఆ చర్చివాళ్లకే ఒక ఉత్తరం రాశాడు. మిమ్మల్ని ఇంతకంటే మంచి లోకంలో కలుసుకుంటాను అని.