మడ్‌గార్డు మీద కాలు

సైకిలు వెనక మడ్‌గార్డు ఎడమవైపుకి ఒరిగింది. టైరుకి రాసుకుంటూ ఇంటిదాకా స్స్ స్స్ అంటూనే వచ్చింది. అన్నం తిన్నాను, గిన్నెలు కడిగాను, అత్తయ్యగారికి మాత్రలిచ్చాను, పడుకున్నాను. చెవిలో ఆ చప్పుడు మాత్రం ఆగలేదు. అందుకే లేచి రాస్తున్నాను. పదకొండు దాటింది.

పాండురంగాపురం డౌన్ సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పక్కర్లేదు కదా. సంక్రాంతి నుంచి నా గొడవంతా దానితోనే, ఒక్కసారైనా సైకిలు దిగకుండా ఆ ఎత్తు ఎక్కాలని. వైజాగ్‌లో అందరూ దాన్ని డౌన్ అనే అంటారు. పైన ఉండేవాళ్ళు పెట్టిన పేరై ఉంటుంది. పొద్దున వన్‌టౌన్‌లో ఆఫీసుకి వెళ్ళేటప్పుడు నాకూ అది డౌనే, బ్రేకుల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంటే చాలు, ఎదురుగా సముద్రం. సాయంత్రం బీచ్ రోడ్డు మీంచి సిరిపురం వైపు తిరిగేసరికి అదే రోడ్డు లేచి నిలబడుతుంది.

క్యాలెండరు వెనక గీతలు పెడుతున్నాను. దిగి నడిపించుకొచ్చిన రోజుకి నీలం గీత. దిగకుండా ఎక్కిన రోజుకి ఎర్ర గీత పెడదామనుకున్నాను. ఇంతవరకూ ఎర్ర పెన్ను అవసరం పడలేదు.

ఇన్నాళ్ళూ నేను చేసిన తప్పు గేరు దగ్గర. సగం ఎక్కి కాళ్ళు పట్టేశాక అప్పుడు మార్చేదాన్ని. బరువు మీదున్న చైను పక్క పళ్ళ మీదకి వెళ్ళలేక టకటకమని జారేది, ఉన్న ఊపు కాస్తా పోయేది. "ఎత్తు కనబడగానే మార్చీయండమ్మా, ఎక్కాక కాదు" అని మెకానిక్ చెప్పాక దారికొచ్చింది. ముందు చిన్న పళ్ళచక్రానికి 28 పళ్ళు, వెనక పెద్దదానికి 28 పళ్ళు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది, బండి రెండు మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి ఏడు కిలోమీటర్ల చిల్లర. నడిచేవాళ్ళకన్నా కాస్త నయం. అంతకన్నా బాగా తగ్గిందంటే హ్యాండిల్ తూలిపోతుంది.

నేను, బండి, బ్యాగు కలిపి 83 కిలోలు. నూరు మీటర్లకి ఎనిమిది మీటర్లు లేచే ఎత్తు మీద ఆరున్నర కిలోల బరువు తాడు కట్టి వెనక్కి లాగుతున్నట్టేనని మా చిన్నమ్మాయి లెక్క కట్టి చూపించింది. 26 కిలోల బియ్యం బస్తాలో నాలుగో వంతు. వినడానికి ఏముంది అనిపిస్తుంది. కానీ అది ఒక్క క్షణం కూడా ఆగదు, లాగుతూనే ఉంటుంది.

ఇవాళ అన్నీ కుదిరాయి. మలుపు దగ్గరే గేరు మార్చాను. కాలు గట్టిగా నొక్కకుండా, సీటు మీంచి లేవకుండా, లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ తొక్కాను. గాలి వెనక నుంచే ఉంది. సాయంత్రం పూట సముద్రం మీంచి వచ్చే గాలి ఎక్కేవాళ్ళని తోస్తుంది, అది మంచిదే. కానీ ఆ గాలీ నేనూ దాదాపు ఒకే వేగంతో పోతుంటే ఒంటికి గాలే తగలదు. చెమట ఆరదు, కళ్ళలోకి దిగుతుంది. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే బండి పడుతుంది. అలాగే తొక్కాను. నేను రోజూ దిగిపోయే కరెంటు స్తంభం వచ్చింది, దాని పక్కన ఇస్త్రీ బండి. ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి నన్నే చూస్తోంది. స్తంభం దాటాను.

దాటాను! ఇది మొదటిసారి. ఇంకో యాభై అరవై మీటర్లు, అంతే. ఆ తరవాత రోడ్డు చదునవుతుంది.

అప్పుడు వెనక నుంచి బైకు చప్పుడు దగ్గరికి, మరీ దగ్గరికి వచ్చింది. "మేడమ్, హ్యాండిల్ స్ట్రెయిట్‌గా పట్టుకోండి" అని ఎవరో అన్నారు. ఏమిటో అర్థమయ్యేలోపే మడ్‌గార్డు మీద కాలు పడింది.

మన రోడ్ల మీద చూస్తూనే ఉంటాం కదా, పెట్రోలు అయిపోయిన బండిని ఇంకో బండివాడు కాలుపెట్టి తోసుకుపోవడం. అలా. పెడల్ కింద బరువు ఒక్కసారి మాయమైంది. మెట్టుందనుకుని అడుగేస్తే లేనట్టు కాళ్ళు ఖాళీగా తిరిగాయి. కాలు ఒక పక్క నుంచి పెట్టాడేమో, వెనక చక్రం ఒకవైపు, హ్యాండిల్ ఇంకోవైపు. పక్కనే కాలవ. "వద్దు, వద్దు" అని అరిచాను. ఇంజను చప్పుడులో వినబడలేదో, మొహమాటానికి అంటున్నాననుకున్నాడో. పైదాకా తోసి, చెయ్యి ఊపి, నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. వీపుకి భోజనాల సంచి.

బండి ఆపి చూసుకుంటే పైన ఉన్నాను. కానీ నేను ఎక్కలేదు.

ఈ గీత ఏ రంగుది? ఇంటికొచ్చి క్యాలెండరు ముందు నిలబడ్డాను, ఏదీ పెట్టలేదు. ఈయనకి చెబితే "పోనీలే, సాయమే కదా చేశాడు" అన్నారు, టీవీ మీంచి కళ్ళు తీయకుండా. సాయమే. కాదని నేనూ అనలేను, మంట అక్కడే. ముగ్గులో ఆఖరి రెండు చుక్కలు కలపబోతుంటే పక్కింటావిడ వచ్చి కలిపేసి వెళ్ళిపోతే ఎలా ఉంటుంది? ఆవిడ మీద కోప్పడితే మనమే చెడ్డవాళ్ళం. ఒక్క మాట అడిగితే ఏం పోయింది? "తొయ్యమంటారా" అంటే ఐదు అక్షరాలు. నేను పడిపోతానేమో అన్న ఆలోచన కూడా లేకుండా కాలు ఎలా పెడతారు? పైగా అదే వెనక నుంచి హారన్ కొట్టేవాళ్ళయితే తిట్టుకోవచ్చు. కారువాళ్ళని తిట్టుకున్నాను, ఆటోవాళ్ళని తిట్టుకున్నాను. ఇతన్ని తిట్టుకోవడానికి కూడా లేదు.

చిన్నదేమో ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కోమంటుంది. 250 వాట్ల మోటారు, గంటకి 25 కిలోమీటర్లు దాటకపోతే లైసెన్సు కూడా అక్కర్లేదట. వద్దన్నాను. అప్పుడు రోజూ తోసినట్టే.

మంచం మీద ఇవే తిప్పుకుంటుంటే నాన్న గుర్తొచ్చారు.

అప్పట్లో మా ఇల్లూ పైనే కదా. గ్యాసు బండ అయిపోతే నాన్న పోర్టు డ్యూటీ దిగి, కింద నుంచి నిండు బండ సైకిలు మీద తెచ్చేవారు. క్యారియర్ మీద అడ్డంగా పడుకోబెట్టి, పాత సైకిలు ట్యూబుతో రెండు చుట్లు బిగించి కట్టేవారు. గ్యాసు 14.2 కిలోలు, ఇనప బండ ఇంకో అంత, దగ్గర దగ్గర ముప్ఫై కిలోలు. నాన్న సైకిలుకి గేర్లెక్కడివి? పెడల్ ఒక్క చుట్టుకి ఐదు మీటర్లకి పైగా పోయే బండి అది, చదును రోడ్డుకి చేసింది. ఈ ఎత్తు మీద బండతో ఎవరు తొక్కగలరు? అందరూ దిగేవాళ్ళు. దిగడం అంటే నామోషీ అని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

నాన్న ముందు హ్యాండిల్ పట్టుకుని వంగి నడిచేవారు. నేను వెనక బండ మీద రెండు చేతులూ పెట్టి తోసేదాన్ని. తొమ్మిదేళ్ళు. ఆ ఇనుము ఎండకి కాలి చేతులు చురుక్కుమనేవి. ఎర్ర రంగు పెచ్చులు అరచేతికి అంటుకునేవి. "ఒగ్గీకు అమ్మడూ, నువ్వు ఒగ్గీసేవంటే బండి బీచికెళ్ళిపోద్ది" అనేవారు. నేను నిజంగానే నమ్మేదాన్ని. ముక్కు గోక్కోవాలన్నా చెయ్యి తీసేదాన్ని కాదు. సగంలో బాదం చెట్టు కింద ఆగేవాళ్ళం. (2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీసుకుపోయినవాటిలో ఆ చెట్టూ ఉంది. ఇప్పుడు స్తంభం ఉన్నది అక్కడే. రోడ్డు నిటారుగా లేచేది అక్కడే కాబట్టి, అప్పుడూ ఇప్పుడూ జనం ఆగేది అక్కడే.)

ఒకరోజు చెట్టు దాటాక బండి ఉన్నట్టుండి తేలికైపోయింది. పక్కకి చూస్తే ఎవరో రిక్షా ఆయన. తన రిక్షా కింద ఆపి వచ్చాడో ఏమో, బండ చివర ఒక చెయ్యేసి తోస్తున్నాడు. నేను నోరు తెరవబోతే వేలు పెదాల మీద పెట్టాడు. నాన్నకి వెనక ఏం జరుగుతోందో తెలియదు. "ఇయ్యాల మా అమ్మడికి బలం వచ్చీసిందే" అన్నారు ముందు నుంచి. పైకి వచ్చేసరికి ఆయన చెయ్యి తీసేసి కిందికి దిగిపోయాడు. ఆ రాత్రి అమ్మతో, అన్నయ్యతో, పక్కింటి మామ్మగారితో నాన్న చెబుతూనే ఉన్నారు, అమ్మడు ఒక్కతే బండ ఎక్కించేసిందని. నేను కాదని చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇంతవరకు రాసి ఆగిపోయాను. ఆ రిక్షా ఆయనా అడగలేదు కదా. మరి ఆయన్ని తలుచుకుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా కడుపులో చల్లగా ఎందుకుంటుంది, ఈ కుర్రాడి మీద కోపం ఎందుకు?

ఆయన చెయ్యి కాబట్టి, ఇతను కాలు కాబట్టి అని మొదట రాశాను. అది కొట్టేశాను. బైకు మీద ఉన్నవాడు కాలు కాక ఏం పెడతాడు? ఆయన ఆ ఎక్కడం నాకు వదిలేసి పోయాడు, ఇతను పట్టుకుపోయాడు అని రాశాను. అదీ పూర్తిగా నిజం కాదు. ఇతను ఏం పట్టుకుపోయాడు పాపం, పైకి రాగానే మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. సంచిలో ఎవరి అన్నమో చల్లారుతుండగా, ఎవరో ఆవిడ ఆయాసపడుతోందని వేగం తగ్గించాడు. తనకి అరవై మీటర్లు అంటే ఏముంది, నాలుగు నెలలు అని తెలియదు.

కిందటి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళినప్పుడు కూడా ఇలాగే. ఆ 32 కిలోమీటర్లలో హనుమంతవాక దగ్గరికి వచ్చేసరికి నా మోకాళ్ళు అయిపోయాయి. వెనకెవరో పెద్దావిడ నడుం మీద చెయ్యేసి "నడువమ్మా" అని తోసింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఆవిడా అడగలేదు. అక్కడ నేను ఎవరినీ గెలవడానికి వెళ్ళలేదు, అదేనేమో తేడా. లేక అక్కడ అందరం చెప్పుల్లేకుండా ఒకే రోడ్డు మీద ఉన్నాం, ఇక్కడ అతను ఇంజను మీద, నేను కాళ్ళ మీద. తెలియడం లేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. స్తంభం దాటాను. దాటడం నేనే దాటాను. ఇస్త్రీ ఆవిడ చూసింది. ఇందాకటి నుంచి దాని గురించి రెండు వాక్యాలే రాశాను, మిగతా అంతా మడ్‌గార్డు గురించే.

నాన్న ఆ రోజు ఒక్కసారైనా వెనక్కి చూశారేమో అని కూడా అనిపిస్తోంది. ముప్ఫై కిలోల బండ తేలికైతే మోసేవాడికి తెలియదా? గాజువాకకి ఇప్పుడు ఫోన్ చేస్తే అన్నయ్య కంగారుపడతాడు. రేపు రెండో శనివారం, పొద్దున చేస్తాను.

మడ్‌గార్డు చేత్తో వంచితే సరిపోతుంది, రెండు నిమిషాల పని. టార్చి తీసుకుని కిందికి వెళ్ళి చూశాను. మడ్‌గార్డు మీద బూటు అచ్చు అలాగే ఉంది. పొద్దున తుడుస్తాను.