కథ రాయొద్దు, చూసింది రాయండి

మన బడిలో తొమ్మిదో తరగతి చదివినవాళ్లకు, చూసొచ్చినవాటి గురించి రాసే ఆ లాంగ్ నోట్‌బుక్ గుర్తుండే ఉంటుంది. మేం దాన్ని ‘నాటకాల పుస్తకం’ అనేవాళ్లం గానీ, అందులో మ్యూజియం శిల్పాలూ ఉండేవి, లేపాక్షి గుడి కప్పు మీది రంగుల బొమ్మలూ ఉండేవి. తెలుగు సార్ షరతు ఒక్కటే, కథ రాయకూడదు. “మాయాబజార్ కథ మీ నానమ్మకి మీకంటే బాగా తెలుసు. నిన్న రాత్రి స్టేజీ మీద ఏం జరిగిందో రాయండి. మీరు రాయకపోతే అది ఇంకెక్కడా ఉండదు” అనేవారు.

ఆ మాయాబజార్ సురభి వాళ్లది. పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణంలో చూశాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, ఒక పెళ్లిలో కీచకవధ ఆడడంతో మొదలైన నాటక సమాజం అది. ఆడ వేషాలు కూడా మగవాళ్లే కట్టే రోజుల్లో వాళ్ల ఇంటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. ఇదంతా సార్ బస్సులోనే చెప్పేసి, “ఇది తెలిసుండాలి, కానీ నోట్‌బుక్‌లోకి రాకూడదు” అన్నారు.

గాల్లో బాణాలు ఢీకొని నిప్పులు రాలాయి. లడ్డూలు తమంతట తామే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లాయి. మర్నాడు మా రాతల నిండా ‘అద్భుతం’ అన్న మాటే. సార్ ప్రతి అద్భుతం పక్కనా ఎర్ర ఇంకుతో ‘ఎలా?’ అని రాసి తిరిగిచ్చారు. రెండోసారి రాయమంటే క్లాసంతా గొణిగింది. కానీ అసలు రాతలు అప్పుడే వచ్చాయి.

చివరి బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి లడ్డూ గురించే పేజీన్నర రాశాడు. లడ్డూ పైకి లేచాక ఒక్క క్షణం ఆగుతుందట. ఆ క్షణంలో ఘటోత్కచుడు దాన్ని చూడనట్టే మెడ కొంచెం పక్కకి తిప్పి, నోరు సరిగ్గా దాని దారిలో పెడతాడట. ‘లడ్డూని దారం తెస్తుంది, దాన్ని నిజం చేసేది ఆయన మెడ’ అని రాశాడు. అంతవరకూ తెలుగులో ఎప్పుడూ మంచి మార్కులు రాని అబ్బాయి. సార్ ఆ పేజీని వాడి చేతే రెండుసార్లు చదివించారు.

నేను హార్మోనియం వాయించే పెద్దాయన గురించి రాశాను. పద్యం ఎత్తుకునే ముందు నటుడి భుజం కొద్దిగా లేస్తుంది. ఈయన చూపంతా ఆ భుజం మీదే. అది లేవగానే ఈయన వేళ్లు కదిలేవి. దాని కింద సార్ ‘ఇది నేను చూడలేదు’ అని రాశారు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పన్నెండు గంటలకి అందరూ గడియారం దగ్గరికి పరిగెత్తితే, సార్ మమ్మల్ని ఒక కొయ్య శిల్పం ముందు కూర్చోబెట్టారు. ఒకే దుంగలో చెక్కిన ఇద్దరు మనుషులు. ముందు వైపు ఛాతీ విరుచుకుని నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం. వెనక వైపు తల దించుకుని ప్రార్థన పుస్తకం పట్టుకున్న మార్గరెట్టా. వెనక పెద్ద అద్దం. సార్ జర్మన్ కవి గోథే రాసిన ఫౌస్ట్ కథ రెండు ముక్కల్లో చెప్పి (ఆ దయ్యంతో ఒప్పందం చేసుకున్న పండితుడు ఫౌస్ట్, అతని వల్ల నాశనమైన అమ్మాయి మార్గరెట్టా) పెన్నులు తీయమన్నారు. ఒకమ్మాయి రాసిన మొదటి వాక్యం నాకు నోటికొచ్చు: ‘ఆమెని చూడాలంటే అతన్ని దాటి చూడాలి.’ కళాచరిత్ర మీద తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో కూడా ఆ శిల్పం ఇంత బాగా దొరకలేదు.

ఉద్యోగానికి అమెరికా వెళ్లాక న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా (‘మెట్’ అంటారు) థియేటర్లో, అదే కథకి ఫ్రెంచి సంగీతకర్త గూనో కట్టిన ఫౌస్ట్ చూశాను. 1859లో పారిస్‌లో మొదట ఆడిన ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, అది. 1883లో మెట్ మొదలైంది కూడా దాంతోనే. ముందు సీటు వెనక చిన్న తెర మీద ఫ్రెంచి పాటకి ఇంగ్లీషు అర్థం వస్తూ ఉంటుంది. కాసేపటికి దాన్ని ఆపేశాను. కథ నాకు తెలుసు కదా! పద్యనాటకంలో కృష్ణుడు ఏమంటాడో తెలిసి కూడా ‘వన్స్ మోర్’ అని అరిచే మనవాళ్లు కళ్లముందు మెదిలారు.

చర్చి సీను వచ్చింది. మార్గరెట్టా మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేయబోతుంది. చీకట్లోంచి ఒక గొంతు ఆమెని చేయనివ్వదు. ఎవరిదా గొంతు అని ఆమె అడుగుతుంది. అది మెఫిస్టోఫిలిస్‌ది. అతను ఎంత దగ్గరున్నా ఆమెకి తెలిసేది గొంతు ఒక్కటే. ఒకే దుంగలో వీపూ వీపూ కలిసి ఒకరినొకరు చూడలేని ఆ ఇద్దరూ వీళ్లే. చివర్లో జైలు సీనులో ఆమె ఒకే వరసని మూడుసార్లు పాడుతుంది, ప్రతిసారీ ఒక మెట్టు పైకి. మూడోసారి ఆవిడ భుజాలు చూశాను. అస్సలు లేవలేదు. అంత ఊపిరి ఎక్కడ దాచుకుందో! ఇంటికి వెళ్లే రైల్లోనే అది రాసుకున్నాను.

ఇప్పుడు బడి వాళ్లకి ఒక విన్నపం. సురభి కుటుంబాలు ఇంకా నాటకాలు ఆడుతున్నాయి. సాలార్‌జంగ్‌లో ఆ శిల్పమూ అద్దమూ అలాగే ఉన్నాయి. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లండి. బస్సు, టికెట్ల ఖర్చు మా బ్యాచ్ చూసుకుంటుంది, నోట్‌బుక్కులూ మేమే కొనిస్తాం. రాసినవాటికి మార్కులు మాత్రం వేయొద్దు. చదివి, పక్కన ‘ఎలా?’ అని రాసే టీచర్ ఒకరుంటే చాలు.