చైనా విద్యార్థులకు 'గెట్' ఎందుకంత కష్టం

చైనీస్ మాట్లాడేవాళ్లను ఇంగ్లీషులో ఎక్కువ తికమక పెట్టేవి పెద్ద పెద్ద పదాలు కావు, 'గెట్' లాంటి చిన్న క్రియలే అని నా గట్టి నమ్మకం. దానికి 'దే దావ్', అంటే పొందడం, అని ఒక్క అర్థం బట్టీపడితే 'గెట్ ఎ జాబ్' వరకు పని నడుస్తుంది. ఆ తర్వాత? ఉత్తరం అందితే చైనీస్‌లో 'షౌ దావ్', ఇల్లు చేరితే 'దావ్', అర్థమైతే 'దోంగ్', ఉద్యోగంలోంచి తీసేస్తే (గెట్ ఫైర్డ్) ఆ పని మనమీద జరిగిందని తెలిపే 'బే' అనే మాట చేర్చి చెప్పాలి, ఇంగ్లీషులో మాత్రం అన్నిటికీ గెట్టే!

అసలు చిక్కు 'గెట్ టయర్డ్' దగ్గర. చైనీస్‌లో అలసటను చెప్పే 'లే' అనే మాట చివర మార్పును తెలిపే చిన్న ప్రత్యయం చేరిస్తే అలసిపోయానని వచ్చేస్తుంది, వేరే క్రియ అక్కర్లేదు, కాబట్టి అక్కడ గెట్ పెట్టాలని వాళ్లకు తోచదు.

అందుకే అర్థాల లిస్టు పక్కనపెట్టి గెట్ వెనక ఏమొచ్చిందో చూడమంటాను. వస్తువైతే చేతికి రావడం, విశేషణమైతే మారడం, చోటైతే చేరడం. అన్నీ ఇందులో ఇమడవు, కానీ చాలావరకు టెన్షన్ తగ్గుతుంది. పైగా చైనా కుర్రకారు ఇప్పటికే ఆన్‌లైన్‌లో, విషయం అర్థమైంది అనడానికి 'గెట్ దావ్' అని తమ భాషలోనే వాడుతున్నారు, ఆ ఒక్క అర్థమైనా వాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు.