ఎండల్లో లెక్కపెట్టిన కొండ

"ఆకంతా రాలిపోయాక వచ్చి ఏమున్నాయో రాసుకుంటావా? మేం తినేవన్నీ ఇప్పుడు మట్టి కిందున్నాయి. పైకి కనబళ్లేదు కాబట్టి లేవని రాసేస్తావు." కొరాపుట్ జిల్లా పొట్టంగి వైపు, ఒక బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) కొండ మీద పరజా తెగ మావుసీ, అంటే పిన్ని వరసావిడ, నన్నన్న మాటలివి. ఆవిడ అక్కడి ఒడియా యాస దేశియాలో గట్టిగానే అంది. నాతో వచ్చిన ఊరి కుర్రాడు తలొంచుకుని తెలుగులో చెప్పాడు.

మాది సాలూరు. సుంకి ఘాట్ ఎక్కితే ఒడిశా వచ్చేస్తుంది. జైపూరులోనో రాయగడలోనో బజారుకెళ్తే తెలుగులోనే బేరమాడొచ్చు, పరాయి చోటన్న సంగతే గుర్తుండదు. కొండెక్కాక మాత్రం నేను బయటివాణ్ణే. మా ఇళ్లల్లో ఎండన పడి వచ్చినవాడికి ముందు మంచినీళ్లిస్తారు, తగాదా ఏదైనా ఆ తర్వాతే. మా వైపైతే ఇలా మొహమ్మీద అనరని ఆ రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను. తీరా చూస్తే మా వైపు మాత్రం ఊరుకున్నారా? 2015లో విశాఖ మన్యంలోని జెర్రెలలో బాక్సైట్ తవ్వకాల కోసం జీవో 97 వచ్చినప్పుడు మన్యమంతా అడ్డం తిరిగింది. ఇక్కడ ఒడిశాలో నియమగిరి మీద బాక్సైట్ గని గురించి 2013లో 12 గ్రామసభలు పెడితే 12 కూడా వద్దన్నాయి. ఇలాంటి చోట టేపు పట్టుకుని తిరిగేవాణ్ణి చూస్తే ఎవరికైనా గని మనిషిలాగే కనిపిస్తాడు.

నా పని మీద నాకు గౌరవం ఉంది. గనికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు, అది వస్తుందన్న చోటా, దాని చుట్టూ 10 కిలోమీటర్ల మేరా ఏ మొక్కలున్నాయో రాయాలి. చెట్లకి 10 మీటర్ల చదరం, పొదలకి 5 మీటర్లు, గడ్డికీ చిన్న మొక్కలకీ ఒక్క మీటరు. చెట్టుకి రొమ్ము ఎత్తున చుట్టుకొలత తీస్తాం. పోల్చుకోలేని కొమ్మని పాత పేపర్ల మధ్య అదిమి పెడతాం, రోజూ పేపరు మార్చకపోతే బూజు పట్టేస్తుంది. వాలుల్లో గుగ్గిలం, ఏగిస, కరక, ఉసిరి, గెడ్డల వారన జీలుగు, అక్కడక్కడ కొండ చీపురు. ఇవన్నీ ఎండల్లోనూ దొరుకుతాయి, లెక్కకొస్తాయి.

కానీ బాక్సైట్ ఉండేది కొండ నెత్తిన. పైన ఎర్రరాతి పెంకు, దాని మీద జానెడు మట్టి. పెద్ద చెట్లు నిలవవు. వేసవిలో చూస్తే మాడిన గడ్డి తప్ప ఏమీ ఉండదు. మావుసీ నన్ను కోప్పడి ఊరుకోలేదు. నేను తాడు కట్టిన మీటరు చదరం అంచునే కూర్చుని గునపంతో తవ్వింది. నేలతాడి వేరు నల్లగా, వేలెడు పొడవున బయటికొచ్చింది. తర్వాత తెల్లటి పాలగుండ గడ్డలు. ఇంకాస్త పక్కన, దారప్పోగంత ఎండిపోయిన తీగని వేళ్లతో తడుముకుంటూ పోయి అడవి దుంప ఒకటి తీసింది. నా కాగితంలో ఆ చదరానికి రెండు రకాల గడ్డి రాసి ఉంది, అంతే.

ఈ లెక్కలకి వానాకాలం కాని ఏదో ఒక్క కాలం చాలునని రూలు. గాలిలో దుమ్ము కొలిచేవాళ్లకి అది సబబే. వాన పడితే దుమ్ము అణిగిపోతుంది, గని వల్ల వచ్చే కష్టం తక్కువగా కనిపిస్తుంది. అదే రూలు మొక్కలకి పెట్టేసరికి వ్యవహారం తిరగబడింది. ఎర్రరాతి నేలల్లో పురుగుల్ని పట్టుకునే డ్రోసెరా, నేల ఆర్కిడ్లు, పేరు తెలియని బోలెడు చిన్న మొక్కలు వానలకే పైకొస్తాయి, మళ్లీ మాయమవుతాయి. గడ్డిలో కూడా పూత లేనిదే ఏది ఏ జాతో తేల్చలేం. వాటి జీవితంలో మనకి కనిపించే ఆ మూడు నాలుగు నెలలనీ వదిలేసి, మిగతా రోజుల్లో వెళ్లి వైవిధ్యం తక్కువని రాయడం నాకు చాలా బాధనిపిస్తుంది. అసలు చెట్లే లేని గడ్డినేలని తవ్వేసి, ఆనక సిల్వర్ ఓక్, నీలగిరి నాటి పచ్చదనం తిరిగొచ్చిందంటే ఆ లెక్క ఎలా సరిపోతుంది?

మావుసీ తవ్వి చూపించినవన్నీ దేశియా పేర్లతో సహా రిపోర్టులో ఎక్కించాను. వానల్లో ఇంకోసారి వెళ్దామని ఆఫీసులో అడిగితే, ఒక్క కాలానికే డబ్బులని చెప్పారు. శ్రావణంలో వ్రతానికి ఇంటికి రమ్మని అమ్మ ఇప్పట్నుంచే ఫోన్లు చేస్తోంది. ఆ సెలవు పెట్టుకుని ముందు కొండెక్కుతాను, ఇంటికి తర్వాత. కానీ ఇది ఒకడి సెలవుతో తీరేది కాదు. మొక్కల వరకైనా వానాకాలం సర్వే తప్పనిసరి చెయ్యాలి. పెద్ద యంత్రాలేం అక్కర్లేదు, టేపు, గొడుగు, పాత పేపర్లు చాలు. గునపం పట్టుకుని వచ్చే ఊరివాళ్లకి రోజు కూలి ఇవ్వాలి. రిపోర్టులో వాళ్లని సామాను మోసినవాళ్లుగా కాదు, మాతోపాటు సర్వే చేసినవాళ్లుగా రాయాలి.