విమానాలు ఆపకుండా రన్‌వే వేశాం: నా అనుభవం

మాది కావలి. హైవే పనుల్లో చాన్నాళ్లు చేశాక ఓ కాంట్రాక్టర్ దగ్గర రన్‌వే రీకార్పెటింగ్‌కి, అంటే పాత తారు పొర గీకేసి కొత్తది వేసే పనికి, సూపర్‌వైజర్‌గా వెళ్లాను, పేవర్ (తారు పరిచే మిషన్), రోలర్ ఆపరేటర్లలో కూడా ఎక్కువమంది మన నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లే. తారు ఎక్కడైనా తారే కదా అనుకున్నాం. కానీ 16వ నంబర్ హైవే మీదైతే ఒక వైపు మూసేసి బళ్లన్నీ రెండో వైపు తోలేస్తాం. 2022 డిసెంబరులో కొరిశపాడు దగ్గర యుద్ధవిమానాల ట్రయల్ కోసం ఏకంగా హైవేనే ఆపారు. ఆ ఎయిర్‌పోర్టుకి మాత్రం ఉన్నదే ఒక్క రన్‌వే, పగలంతా ఫ్లైట్లు.

అందుకని పనంతా రాత్రే. నోటామ్‌లో, అంటే పైలట్లకి ముందే పంపే నోటీసులో, ఇచ్చిన టైమ్‌కి రన్‌వే మూసేస్తారు, తెల్లారి మొదటి ఫ్లైట్‌కి తిరిగి ఇచ్చేయాలి. లైట్లు, మిషన్లు లోపలికి తేవడానికి కొంత, చివర్లో ఊడ్చి, సెంటర్‌లైన్ వేసి, తనిఖీ చేయించడానికి ఇంకొంత పోతే మిగిలిందే మనది. ఎంత గీకగలం అని కాదు, గీకినదాన్ని ఎంతవరకు పూడ్చగలం అని లెక్కేసుకోవాలి.

ఓ రాత్రి వేడి తారు మిక్స్ తెచ్చే టిప్పర్లు ఆలస్యంగా వచ్చాయి. ఇంకో స్ట్రిప్ లాగేద్దామని పైనుంచి ఒత్తిడి, నాకు ఒకటే టెన్షన్. మా కోవూరు రోలర్ ఆపరేటర్ "ఏందన్నా, చల్లారినాక రోలర్ ఎంత తిప్పితే మాత్రం అణుగుద్దా?" అన్నాడు. ఆపేశాం.

ఆపడమూ తేలిక కాదు. కొత్త పొర ఆగిన చోట మెట్టు ఉండకూడదు, తాత్కాలిక ర్యాంప్ వేయాలి. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) లెక్క ప్రకారం పొర 5 సెం.మీ. దాకా అయితే వాలు 0.5 నుంచి 1 శాతం, అంతకంటే మందమైతే 0.5 దాటకూడదు. అంటే 5 సెం.మీ. ఎత్తుకి కనీసం 5 మీటర్ల ర్యాంప్! మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు చూసిన కంటికి అది ర్యాంప్‌లాగే అనిపించదు. మర్నాడు రాత్రి మొదటి పని, దాన్నే కోసి పారేయడం.

తర్వాత ఊడ్పు. 2000లో పారిస్‌లో రన్‌వే మీద పడున్న ఓ లోహపు ముక్క తగిలి టైరు పేలడంతో మొదలైన కాంకార్డ్ ప్రమాదంలో 113 మంది పోయారు. అందుకే స్పానర్లు కూడా లెక్కపెట్టే బయటికొస్తాం. ఒకటి తగ్గిందా, టార్చిలు పట్టుకుని అందరం వెతకాల్సిందే.

ఈ పనికి వెళ్లాలనుకునే తమ్ముళ్లు ముందు ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లే పాస్ సంగతి చూసుకోండి. పోలీస్ వెరిఫికేషన్ తేలేదాకా ఎంత పనిమంతుడైనా గేటు బయటే.