బొంతకు 600 ముక్కలు కత్తిరించకండి

మూడించుల గడులతో ఐదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు బొంత అనుకుంటే అడ్డం 20, నిలువు 30, మొత్తం 600 గడులు. చాలామంది ఒక అట్టముక్క పెట్టుకుని చాక్‌తో గీసుకుంటూ ఆ ఆరువందలూ ఒక్కొక్కటిగా కత్తిరించడం మొదలుపెడతారు. రెండొందలు దాటేసరికి అట్ట మూలలు అరిగిపోతాయి, గీత మందం ఒక్కోసారి లోపలికీ ఒక్కోసారి బయటికీ పోతుంది, మొదటి గడికీ చివరి గడికీ పొంతన ఉండదు. ఆ మూట సగంలోనే అటకెక్కుతుంది.

ముక్కలుగా కోసి కుట్టడం కాదు, పొడుగు పట్టీలుగా కుట్టి ఆ తర్వాత కోయడం. తేడా అంతా ఇక్కడే ఉంది.

రెండు రంగుల చదరంగం బొంతనే తీసుకుందాం. ముదురు రంగు కాటన్ 3 మీటర్లు, లేత రంగు 3 మీటర్లు, 44 ఇంచుల పన్నా (బట్ట వెడల్పు). ముందు ఉతికి ఆరేసి, ఒక్కో రంగును మీటరున్నర చొప్పున రెండు ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కలో పొడవునా మూడున్నర ఇంచుల పట్టీలు 12 వస్తాయి. బట్ట ఉతుకులో కుంచించుకుపోతే 11 వస్తాయి, అయినా నష్టం లేదు. కావలసింది రంగుకు 20 పట్టీలే. ముదురు, లేత, ముదురు, లేత అంటూ పదేసి పట్టీలు పక్కపక్కన కుడితే ఒక పలక. పావు ఇంచు మార్జిన్‌తో, అంటే అంచుకు పావు ఇంచు లోపల కుడితే దాని వెడల్పు 30న్నర ఇంచులు. ఇలాంటివి నాలుగు. నాలుగూ ఒకేలా ఉండాలి, తిరగేసిన రంగులతో వేరే పలక అక్కర్లేదు.

ఇప్పుడు ఆ పలకను అడ్డంగా మళ్ళీ మూడున్నర ఇంచులకు కోయాలి. ప్రతి కోతలో పది గడులు ఒకేసారి అతుక్కుని వస్తాయి. ఒక్కో పలకకు 15 నుంచి 16 కోతలు. 15 వచ్చినా నాలుగు పలకలకు 60, మనకు సరిగ్గా అన్నే కావాలి. రెండేసి కలిపితే 20 గడుల వరుస. వరుసలు 30. ఒకటి విడిచి ఒకటి తల కిందులుగా తిప్పి పెడితే చదరంగం దానంతటదే పడుతుంది.

కుట్ల లెక్క చూడండి. విడి ముక్కలతో అయితే 570 పొట్టి కుట్లు, 29 పొడుగు కుట్లు. పట్టీలతో అయితే పలకల్లో 36, వరుసల సగాలు కలపడానికి 30, వరుసలు కలపడానికి 29. మొత్తం 95. దారం తెంపడాలు, ముక్క తిప్పి చూసుకోవడాలు, ఏది ముందు ఏది వెనుక అని నేల మీద పరుచుకోవడాలు అదే లెక్కన తగ్గుతాయి.

అయితే ఈ పద్ధతి తప్పును కూడా అంతే జోరుగా పెంచుతుంది. మార్జిన్ ఒక్క పదహారో వంతు ఇంచు ఎక్కువ పోయిందంటే, అది రెండు బట్టల్లోనూ పోతుంది కనుక ఒక్కో కుట్టుకు ఎనిమిదో వంతు తగ్గుతుంది. పలకలో తొమ్మిది కుట్లు, అంటే ఇంచు పైనే మాయం. 20 గడుల వరుసకు వచ్చేసరికి దాదాపు రెండున్నర ఇంచులు. అందుకే అసలు బట్ట ముట్టుకోకముందు మూడున్నర ఇంచుల చిన్న ముక్కలు మూడు కుట్టి ఇస్త్రీ చేసి కొలవాలి. మొత్తం తొమ్మిదిన్నర రావాలి, నడిమి గడి సరిగ్గా మూడు రావాలి. రాకపోతే మిషన్‌ది తప్పు కాదు, గురుతుది. కాగితం మీద అంచుకు పావు ఇంచు లోపల గీత గీసి, సూదిని ఆ గీత మీద దించి, కాగితం అంచు పక్కనే మిషన్ ప్లేటు మీద మందపాటి టేపు అంటించండి. బట్ట ఆ టేపును రాసుకుంటూ పోవాలి. మన నల్ల తొక్కుడు మిషన్ల ఫుట్ అంచును నమ్ముకుంటే పావు ఇంచు రాకపోవచ్చు.

కుట్టు చిన్నగా పెట్టండి, ఇంచుకు పన్నెండు. పలకను అడ్డంగా కోసినప్పుడు ప్రతి కుట్టూ తెగుతుంది, చివర్లలో ముడి ఉండదు. బ్లౌజ్ కుట్టే పొడుగు కుట్టే పెడితే వరుసలు కలిపే లోపే మూలలు విచ్చుకుంటాయి.

ఇంకొకటి, ఇది దాదాపు అందరికీ జరిగేదే. పది పట్టీలూ ఒకే కొస నుంచి కుట్టుకుంటూ పోతే పలక విల్లులా వంగుతుంది. మిషన్ పళ్ళు కింది బట్టను లాగినంతగా పైబట్టను లాగవు, ఆ కొద్ది తేడా ఒక్కో పట్టీకి పోగవుతుంది. మొదటి కుట్టు పై నుంచి కిందికి, రెండోది కింది నుంచి పైకి, ఇలా దిక్కు మార్చుకుంటూ వెళ్తే ఒకదాని లాగుడు ఇంకొకటి సరిచేస్తుంది. ఇస్త్రీ కూడా ప్రతి కుట్టుకూ చేయాలి, చివర్లో ఒకేసారి కాదు. మార్జిన్లన్నీ ముదురు రంగు వైపే మళ్ళించాలి. పెట్టెను జరపొద్దు, ఎత్తి ఆన్చాలి. ఇలా చేస్తే వరుసను తిప్పి పెట్టినప్పుడు పై వరుస మార్జిన్ ఒక పక్కకు, కింది వరుసది ఇంకో పక్కకు ఉంటాయి. రెండూ ఒకదానికొకటి ఆనుకుని మెట్టులా ఆగుతాయి, వేలితో తడిమితేనే మూల కలిసిందో లేదో తెలుస్తుంది. పిన్ను కూడా చాలాచోట్ల అవసరం పడదు.

పట్టీలు ఎటు తీయాలి? పొడవునా, అంటే పడుగు వెంట. వరంగల్ కొత్తవాడ జంపఖానా మగ్గం చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. పడుగు పోగులు బిగుతుగా లాగి కట్టి ఉంటాయి, పేక వాటి మధ్య నుంచి పైకీ కిందికీ వంపు తిరుగుతూ పోతుంది. అందుకే బట్ట అడ్డంగా కాస్త సాగుతుంది, నిలువున సాగదు. మీటరున్నర పొడుగు కుట్టుకు సాగని అంచు కావాలి. పోగు ఎటుందో తెలుసుకోవడానికి మొదట ఒక్కసారి బట్టను చింపి చూడండి, పాప్లిన్ నిటారుగా చినుగుతుంది. కానీ పట్టీలన్నీ చింపేయొద్దు. చినిగిన అంచు అల్లలాడుతూ ఉంటుంది, దాంతో పావు ఇంచు మార్జిన్ కుదరదు.

కోయడానికి 45 మిల్లీమీటర్ల రోటరీ కట్టర్ (గుండ్రటి ఆకు తిరుగుతూ కోసేది), దాని కింద పరిచే మ్యాట్, గీతలున్న అక్రిలిక్ స్కేలు ఉంటే నాలుగు పొరలు ఒకేసారి కోయొచ్చు. మడత మాత్రం అంచుకు సరిగ్గా అడ్డంగా పడాలి. లేకపోతే పట్టీ విప్పినప్పుడు మడత దగ్గర బాణం మొనలా వంకర కనిపిస్తుంది. పలకను అడ్డంగా కోసేటప్పుడు ప్రతి నాలుగైదు కోతలకోసారి మూలమట్టం చూసి అంచు సరిచేసుకోవాలి. కత్తెరే దిక్కయితే రెండు పొరలు మించొద్దు, కత్తెర కింది ఆకు బట్టను లేపుతుంది, కింది పొర జరిగిపోతుంది. అట్ట బదులు వడ్రంగి దగ్గర సన్‌మైకా ముక్కను మూడున్నర ఇంచుల వెడల్పు, రెండడుగుల పొడవుకు కోయించుకోండి. ఎన్ని పట్టీలు గీసినా అరగదు. చాక్ గీతకు లోపలి పక్కనే కత్తిరించాలి, గీత పట్టీ మీద మిగలకూడదు.

పాత కాటన్ చీరలు వాడేవాళ్ళకు గంజి కావాలి. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీర కట్టర్ కింద నీళ్ళలా జారుతుంది. పలుచటి గంజిలో ముంచి, నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలుస్తుంది. కుట్టడం అయిపోయాక ఒకసారి ఉతికేయాలి, గంజి ఉంటే పురుగు చేరుతుంది. కొంగు, అంచు పక్కన పెట్టి, వెలుతురుకు పట్టి పోగు పలుచబడ్డ చోట్లు వదిలేయండి. మూటలో 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు కూడా ఉంటే కాటన్‌తో కలపొద్దు. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన ఆ చీరల్లో ఎక్కువ భాగం పాలిస్టర్, కాటన్‌కు పెట్టే ఇస్త్రీ వేడికి ముడుచుకుంటుంది. అనుమానముంటే ఒక పోగు కాల్చి చూడండి. కాటన్ కాగితం వాసనతో మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి గుండులా మిగులుతుంది. ఎర్ర రంగు, నల్ల రంగు గోరువెచ్చని సబ్బునీళ్ళలో అరగంట వేసి తెల్లబట్ట ముంచి పరీక్షించాలి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని నమ్ముకుని లేత రంగుతో కలిపి కుట్టొద్దు.

పొడుగు బట్ట లేదు, టైలర్ దగ్గర తెచ్చిన బ్లౌజ్ కట్ పీసుల మూటే ఉంది అనుకోండి. అప్పుడు పట్టీల లెక్క పనిచేయదు, సూత్రం మాత్రం అదే. పాత లైనింగ్ బట్టను తొమ్మిదించుల గడులుగా కోసి, ఒక మూల నుంచి ఇంకో మూలకు మొదటి పేలిక పరిచి, దాని మీద రెండోది బోర్లా పెట్టి కుట్టి, తెరిచి ఇస్త్రీ చేసి, అలా మూలల దాకా నింపాలి. పేలికల వెడల్పు ఎంతైనా ఫర్వాలేదు, ఇంచుకు మాత్రం తగ్గొద్దు. నిండాక తిరగేసి, ఎనిమిదిన్నర ఇంచులకు సరి చేయాలి. చంక దగ్గర కోసిన ముక్కలన్నీ క్రాస్‌లో, అంటే పోగుకు ఐమూలగా ఉంటాయి, విడిగా కుడితే సాగి పొంగుతాయి. కింద లైనింగ్ ఉంటే అది పట్టి ఉంచుతుంది. 7 అడ్డం, 11 నిలువు చొప్పున 77 గడులు, 36 ఇంచుల లైనింగ్ అయితే ఐదు మీటర్లు తెచ్చుకోండి. బొంత బరువెక్కుతుంది, కనుక నడుమ ఒక్క పాత చీర పొర చాలు.

త్రికోణాలకూ ఇదే. త్రికోణం కోసి కుట్టడం అనవసరపు కష్టం. ముదురు, లేత నాలుగించుల చదరాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు రెండు పక్కలా పావు ఇంచు దూరంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు గడులు. మూడున్నరకు సరి చేసుకోవాలి. సాగే అంచు కుట్టు పడ్డాకే బయటపడుతుంది.

నడుమ పొర గురించి ఒక మాట. వరంగల్‌లాంటి, ఏనుమాముల మార్కెట్‌కు అంత పత్తి వచ్చే ఊళ్ళో బొంతలో దూది పెట్టొద్దనడం వింతగానే ఉంటుంది. కానీ విడి దూది ఒకటి రెండు ఉతుకుల్లో ఉండలు కట్టి మూలకు చేరుతుంది, అది రజాయికి నప్పుతుంది. బొంతకు చీర పొరలే మేలు. తాండూరు బండల నేల మీద బండల అతుకు గీతలను మట్టానికి వాడుకుని అడుగు పొర పరిచి టేపుతో బిగించి, పైపొరలు వేసి, నాలుగు ఇంచులకో పిన్నీసు నడుమ నుంచి బయటికి పెట్టుకుంటూ పోవాలి. జంపఖానా మీద పరిస్తే పిన్నీసులు దానికి కూడా గుచ్చుకుంటాయి.

చుట్టూ అంచుకు కొత్త బట్ట కొనక్కర్లేదు. ముక్కకు 12 పట్టీలు వస్తే రంగుకు నాలుగేసి మిగులుతాయి. వాటిలో ఆరింటిని రెండున్నర ఇంచులకు తగ్గించి కలిపితే 300 ఇంచుల చుట్టుకొలతకు అతుకులు పోను సరిపోతుంది. ఇంకా రెండు పట్టీలు, పలకలకు 16 కోతలు వచ్చి ఉంటే పది గడుల వరుసలు నాలుగు చేతిలో ఉంటాయి. నాలుగు వరుసలూ కలిపి, పొడుగు పక్కలకు చెరో పట్టీ వేస్తే 18 ఇంచులకు 30, మెత్త గలీబుకు ముందు భాగం.