కాలువలు కట్టేసేలోగా ఇంట్లో చూసుకోవలసిన లీకులు

చుట్టూ కాలువలు, వరిచేలు, చేపల చెరువులు ఉన్న మన గోదావరి డెల్టాలో నీటి పొదుపు మాట ఎత్తితే పెద్దగా పట్టించుకోరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి తరతరాలుగా కళ్ల ముందు నీరు పారుతూనే ఉన్నందువల్ల కలిగిన ధీమా అది. అయితే కనిపించే నీరంతా తాగే నీరు కాదని అంతర్వేది, సఖినేటిపల్లి, మొగల్తూరు వైపు వారికి వేరే చెప్పనక్కర్లేదు. సముద్రానికి దగ్గరైన ఊళ్లలో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. అలాంటి ఊళ్లలో ఇంటికి వచ్చే మంచినీరు, కాలువలో దిగి, మంచినీళ్ల చెరువులో నిలిచి, ఇసుక ఫిల్టర్లు దాటి, క్లోరిన్ కలిపాక ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి వచ్చిన గోదావరి నీరే. దాళ్వా (రెండో పంట వరి) పని ముగిశాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే, మళ్లీ వదిలేదాకా ఆ చెరువులో ఉన్నదే ఊరంతటికీ ఆధారం. అందుకే మా ఇంట్లో కొళాయిలు, పైపులు, సంపు తనిఖీ చేసే పని కాలువలు కట్టేయకముందే పెట్టుకుంటాం.

సెకనుకొక చుక్క కారే కొళాయిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చుక్కకు పావు మిల్లీలీటరు వేసుకున్నా రోజుకు 21 లీటర్లు దాటుతుంది, అంటే మనం డబ్బులిచ్చి కొనే 20 లీటర్ల టిన్ను కంటే ఎక్కువ. ఇంటింటికీ కొళాయి నీరు ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని పెట్టుకున్న లెక్క ప్రకారం చూస్తే, అలాంటి కొళాయిలు మూడుంటే ఒక మనిషి వాటా అంతా మురుగు కాలువ పాలవుతున్నట్టే.

కారే కొళాయిని బలంగా బిగించడం చాలా ఇళ్లలో చేసే పని. దానివల్ల లోపలి రబ్బరు వాషరు ఇంకా నలిగిపోతుంది, అది ఆనే ఇత్తడి అంచుకు కూడా గీతలు పడతాయి. అంచు పాడైన కొళాయికి ఎన్ని వాషర్లు మార్చినా కొన్నాళ్లకే మళ్లీ కారుతుంది కనుక, కొత్త వాషరు వేసే ముందు ఆ అంచును వేలితో తడిమి చూడాలి. ట్యాంకు కింది గేట్ వాల్వు కట్టి, పైపులో మిగిలిన నీటిని వదిలేసి, పైభాగాన్ని స్పానరుతో విప్పితే వాషరు చేతికి వస్తుంది. ఇంట్లో ఎవరైనా నేర్చుకోగల పని ఇది. పావు చుట్టు తిప్పే కొత్త రకం కొళాయిలలో వాషరు ఉండదు, పింగాణీ బిళ్లలుండే లోపలి కార్ట్రిడ్జి మొత్తం మార్చాలి. నీటితో వచ్చే సన్నని ఇసుక ఆ పింగాణీ బిళ్లలను గీరేస్తుంది కాబట్టి సంపును ఏటా కడగడం కొళాయిలకు కూడా మేలు చేస్తుంది.

ఫ్లష్ ట్యాంకు లీకు మాత్రం చప్పుడు లేకుండా సాగుతుంది. ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, పావుగంట ఫ్లష్ నొక్కకుండా ఉంచి చూడండి. బేసినులోకి రంగు దిగితే అడుగు రబ్బరు గట్టిపడిందనో, దాని కింద మట్టి చేరిందనో తెలుస్తుంది.

నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకునేది మాత్రం నేలలోపలి లీకులు. మన నల్లరేగడి, ఒండ్రు నేలలు వేసవిలో బీటలు తీసి, వానలకు ఉబ్బుతాయి. ఆ కదలికకు పాతిన పైపుల జాయింట్లు, సంపు గోడలు వదులవుతాయి. రాత్రి పడుకునే ముందు వాల్వులన్నీ కట్టి, సంపులో నీటిమట్టం దగ్గర గీత పెట్టి, తెల్లవారాక చూడాలి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న సంపులో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గినా 40 లీటర్లు పోయినట్టు. పైగా నీరు బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారి కూడా అవుతుంది. వానాకాలంలో భూగర్భ జలం సంపు అడుగు కంటే పైకి చేరే చోట్ల, ఆ పగులులోంచే ఉప్పునీరో, పక్క సెప్టిక్ ట్యాంకు ఊటో మంచినీటిలో కలుస్తుంది.

వీధి పైపుది కూడా ఇదే కథ. పంచాయతీ నీరు వదిలినంతసేపు ఒత్తిడి వల్ల నీరు బయటికి చిమ్ముతుంది. ఆపేశాక లోపల ఒత్తిడి పడిపోతే, పైపు మురుగు కాలువను దాటే చోట చుట్టూ నిలిచిన మురికి లోపలికి చేరుతుంది. కొళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవారు ఆ మురికిని తమ ఇంటికే కాక వీధి మొత్తానికి లాగుతున్నారని గట్టిగా చెప్పవలసిందే. నీరు విరేచనాల జబ్బులు తెచ్చాక క్లోరిన్ బిళ్లలు పంచడం కంటే, ముందుగా ఆ జాయింటు మార్చడమే తేలిక.

జాయింట్ల విషయంలో తాత్కాలిక మరమ్మతును శాశ్వతమనుకోవద్దని నా సలహా. ఎం-సీల్ ముద్ద పూసిన చోటు ఆ రోజుకు ఆగుతుంది గానీ, నేల కదలగానే మళ్లీ విచ్చుకుంటుంది. పగిలిన ముక్కను కోసి, కొత్త కప్లింగు వేసి, సాల్వెంట్ సిమెంటు పూసి, అది పూర్తిగా ఆరేదాకా నీరు వదలకుండా ఉంచాలి. మరలు ఉన్న జాయింటుకు టెఫ్లాన్ టేపును మర బిగిసే దిశలోనే చుట్టాలి, ఎదురు దిశలో చుడితే బిగిస్తుండగానే ఊడివస్తుంది. మీ గేటు బయట, వీధి పైపు నుంచి మీ కనెక్షన్ చీలే చోట తడి కనిపిస్తే మీరే తవ్వకుండా గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుకు రాతపూర్వకంగా తెలియజేయండి. అక్కడ పని చేయాలంటే వీధికంతటికీ నీరు ఆపవలసి ఉంటుంది కాబట్టి, చెరువు నిండుగా ఉన్నప్పుడే అది పూర్తయ్యేలా అడగండి.